టేఢా జహాజ్

మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక విమానం ఉంది. ముక్కు నుంచి తోక దాకా 12.7 సెంటీమీటర్లు, ఈ రెక్క కొన నుంచి ఆ రెక్క కొన దాకా 15.6. ఇంటికొచ్చిన మెహమాన్లు చూసి "మాషాఅల్లా, బాగుంది" అంటారు, చాయ్ తాగి పోతారు. ఆ విమానం మొదట్లో ఎంత టేఢాగా ఉండేదో, దాన్ని సీదా చేయడానికి మా అబ్బా, నేను, మావాడు ఎన్ని రోజులు ఒక్క బల్ల చుట్టూ కూచున్నామో వాళ్లకు తెలియదు. అది రాయాలని చాలా రోజుల నుంచి ఉంది.

ఎండాకాలం సెలవుల్లో లండన్ నుంచి వచ్చిన మామూ మావాడికి తోఫాగా ఒక డబ్బా ఇచ్చాడు. స్పిట్‌ఫైర్ విమానం మోడల్. అసలు విమానంలో 72వ వంతు. డబ్బా తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలు, వాటికి కాయల్లాగా వేలాడుతున్న ముక్కలు. పొట్ట రెండు సగాలు, కింది రెక్క ఒక్కటే పొడుగు ముక్క, పై రెక్కలు రెండు, తోక ముక్కలు, చక్రాలు, వేలి గోరంత సీటు. పదమూడేళ్ల పిల్లాడి కళ్లు ఈద్ నాటి చాంద్‌ను చూసినట్టు మెరిశాయి.

నేను జర్నలిస్టును కదా, ఊరికే ఉండలేను. "దీనికీ మన హైదరాబాద్‌కూ రిష్తా ఉంది, తెలుసా?" అన్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్ ఉండేది. దాని పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన సొమ్ముకు గుర్తుగా పెట్టిన పేరు. దాని నిషాన్ మీద నిజాం దస్తార్ ఉంటుంది. దాని కింద రాసుకున్న మాటకు అర్థం నమ్మకమైన మిత్రుడని. ఇంగ్రేజులు నిజాంకు ఇచ్చిన ఖితాబు కూడా అదే, యార్-ఎ-వఫాదార్. 1940లో వార్మ్‌వెల్ అనే చోటి నుంచి ఈ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు జర్మనీ విమానాలతో కొట్లాడాయి. ఆ తర్వాత బర్మా దాకా వచ్చాయి. అంతకు ముందు, 1918లోనే, నిజాం పైసలతో ఇంకో స్క్వాడ్రన్‌కు విమానాలు వచ్చాయి, 110వదానికి. దానికీ హైదరాబాద్ పేరే.

కిటికీ పక్కన కుర్చీలో కూచున్న అబ్బా ఇదంతా విని ఒక్క మాటే అన్నారు. "జహాజ్ వాళ్లది, పేరు మనది. పైసా ఎవరిది?" నా దగ్గర జవాబు లేదు. ఆ పైసలు పుట్టిన నేల మీది మనుషుల్లో ఎంతమంది విమానాన్ని దగ్గరగా చూసి ఉంటారు!

అబ్బా గురించి చెప్పాలి. నలభై ఏళ్లకు పైగా వడ్రంగం చేశారు. మా మొహల్లాలో సగం ఇళ్ల దర్వాజలు ఆయన చేతివే. మా ఇంట్లో పనిముట్లన్నిటికీ రెండేసి పేర్లు. అబ్బా నోట రందా, ఆయనతో పనిచేసే తెలుగు మేస్త్రీ నోట చిత్రిక. ఆయనకు ఆరీ, ఈయనకు రంపం. ఆయనకు రేగ్‌మాల్, ఈయనకు ఉప్పు కాగితం. ఆయనకు గునియా, ఈయనకు మూలమట్టం. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను గానీ మూలమట్టం అనే మాట నాకు ఏ క్లాసులోనూ దొరకలేదు. దర్వాజ చట్రం పక్కన నిలబడి ఆ ఇద్దరికీ మేకులు అందిస్తూ నేర్చుకున్నాను.

రెండేళ్ల కింద అబ్బాకు ఫాలిజ్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు. అల్‌హందులిల్లా, మాట తిరిగి వచ్చింది. కాలు సగం వచ్చింది. చెయ్యి రాలేదు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణుకుతాయి. పెట్టెలో రందా, ఆరీ, గునియా అన్నీ నూనె రాసి గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఎవరికీ ఇవ్వనివ్వలేదు. తనూ తెరవలేదు.

ఇంకొకటి కూడా ఆగిపోయింది. మసీదుకు పోవడం. మొదట్లో ఆటోలో తీసుకుపోయేవాణ్ణి, కుర్చీ మీద నమాజ్ చదివేవారు. ఒక జుమ్మా రోజు సఫ్ మధ్యలో కుర్చీ వేశాను. ఇఖామత్ చెప్తుండగా వెనకున్న ఒక కుర్రాడు "చాచా, కుర్సీ సే సఫ్ టేఢీ హోరీ, కోనే మే డాల్‌లేవ్" అన్నాడు. బత్తమీజీగా అనలేదు, మెల్లగానే అన్నాడు. నేను కుర్చీని మూలకు జరిపాను. అబ్బా ఏమీ అనలేదు. తర్వాతి జుమ్మాకు "తబియత్ బాగాలేదు" అన్నారు. ఆ తర్వాతి జుమ్మాకూ అదే. జిందగీ అంతా లోకం దర్వాజలను సీద్‌లో పెట్టిన మనిషికి, నీ వల్ల గీత వంకర పోతోందని వినాల్సి రావడం ఎట్లా ఉంటుందో నేను అప్పుడు ఆలోచించలేదు. మోకాళ్ల నొప్పి అనుకున్నాను.

ఇక విమానం. మావాడు ఒక్క సాయంత్రంలో మొత్తం అతికించేశాడు. ఇషా అజాన్ అయ్యేసరికి "అయిపోయింది" అని బల్ల మీద నిలబెట్టాడు. నిలబడింది గానీ ఎట్లా? ఎడమ రెక్క దిగిపోయింది, కుడి రెక్క లేచింది. తోకేమో దానికి ఉల్టా, కుడి వైపు ఒరిగింది. ముందు నుంచి చూస్తే రెక్కలు ఒక దిక్కు, తోక ఒక దిక్కు. పొట్ట అడుగున రెండు సగాలు కలిసే చోట చిన్న మెట్టు. మావాడి మొహం మాడిపోయింది.

నేను చేసిన తప్పు ఇక్కడ ఒప్పుకోవాలి. "జల్దీ కా కామ్ షైతాన్ కా" అని లెక్చర్ ఇచ్చి, అంతే జల్దీగా ఆ ఎడమ రెక్కను పట్టుకుని పైకి వంచాను. 'టిక్' మంది. రెక్క మొదట్లో పగులు. వాడు ఏడవలేదు. విమానాన్ని తీసుకుపోయి చెత్తబుట్టలో పెట్టాడు. విసిరేయలేదు, పెట్టాడు. అదే నాకు ఎక్కువ తగిలింది.

పొద్దున ఫజర్ తర్వాత చూస్తే అది అబ్బా ఒడిలో ఉంది. ఎడమ చేత్తో పట్టుకుని, ఒక కన్ను మూసి, ముక్కు వైపు నుంచి తోక వైపుకు చూస్తున్నారు. రందా పట్టిన పలకను పరీక్షించేటప్పుడు చూసే చూపు. రెండేళ్ల తర్వాత చూశాను ఆ చూపును.

మావాడు లేవగానే పిలిచారు. "పాషా, ఇధర్ ఆ. రోగం రెక్కలో లేదు, పొట్టలో ఉంది."

ఆయన చెప్పిన లెక్క ఇది. ఒక్క రెక్కే వంగి రెండోది బాగుంటే తప్పు ఆ రెక్కది. కానీ ఒకటి ఎంత దిగిందో రెండోది అంతే లేచింది. అంటే రెక్క సరిగానే ఉంది, అది కూచున్న చోటు టేఢా. దర్వాజ తలుపు నేలకు రాసుకుంటే తెలియనివాడు తలుపు అడుగు కోస్తాడు. తెలిసినవాడు ముందు చట్రాన్ని చూస్తాడు.

మావాడు స్కేలు తెచ్చి కొలిచాడు. పొట్ట అడుగున ఎడమ సగం కుడి సగం కన్నా అర మిల్లీమీటరు కిందికి జారింది. ఆ పొట్ట వెడల్పే 12 మిల్లీమీటర్లు. అక్కడి అర మిల్లీమీటరు రెక్క కొనకు పోయేసరికి 3 మిల్లీమీటర్లు అయింది. ఒకటి మూడు దిగితే ఇంకోటి మూడు లేచింది. అబ్బాకు ఆ అర మిల్లీమీటరు ఆనలేదు. "దీన్ని అసలు జహాజ్‌కు పెంచితే ఎంత?" అని అడిగారు. వాడు 72తో గుణించాడు. 36 మిల్లీమీటర్లు. "మూడున్నర సెంటీమీటర్లు! అంత టేఢా చట్రానికి నేను తలుపు వేస్తానా? మూ పర్ మార్‌తే!" అని నవ్వారు.

సగం ఎందుకు జారింది? దానికి విప్పి చూడాలి. ప్లాస్టిక్ మోడల్‌కు వాడే గోందు మన సరేస్ లాంటిది కాదు. అది ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. పూర్తిగా ఆరితే అతుకు ఉండదు, ఒకే ముక్క అయిపోతుంది. ఒక్క రాత్రే గడిచింది కాబట్టి మాకు ఉమ్మీద్ ఉంది. అతుకు గీత వెంబడి బ్లేడు వెనక భాగంతో మెల్లగా, పదిసార్లు, ఇరవైసార్లు గీకడం. బలం పెట్టకూడదు. చేతులు మావాడివి, కళ్లు అబ్బావి. రెక్క ఊడింది. పొట్ట ముక్కు నుంచి సగం దాకా తెరుచుకుంది. తోక దగ్గర అప్పటికే గట్టిపడింది. "అక్కడ సీద్‌గానే ఉంది, దాన్ని ముట్టొద్దు" అన్నారు అబ్బా. చెడిన చోటు మటుకే విప్పాలి, చెడిందని అంతా విప్పొద్దు.

లోపల దొరికింది దొంగ. పైలట్ కూచునే నేల ముక్కను చట్రం నుంచి తుంచినప్పుడు దాని ఎడమ అంచున నువ్వుగింజంత బొడిపె మిగిలింది. వాడు దాన్ని గీకలేదు. ఆ బొడిపె ఎడమ సగాన్ని బయటికి నెట్టింది. రెండు సగాలను కలిపే చిన్న మేకు రంధ్రంలోంచి తప్పుకుంది. వాడు గట్టిగా నొక్కి టేపు చుట్టాడు. నొక్కిన సగం లోపలికి పోలేక కిందికి జారింది. నువ్వుగింజ నుంచి మొదలై రెక్క కొన దాకా పోయింది ఫసాద్.

ఆ రోజు నుంచి అబ్బా ఉస్తాద్, మావాడు షాగిర్ద్, నేను చాయ్ తెచ్చేవాణ్ణి. మీ పిల్లలూ ఇట్లాంటి మోడళ్లు చేస్తుంటే పనికొస్తుందని మేం చేసిన పద్ధతి రాస్తున్నాను.

మొదటిది, సూఖా జోడ్. గోందు పెట్టకముందే ముక్కలను కలిపి చూసుకోవడం. వడ్రంగి దర్వాజ బిగించేటప్పుడు చూల్‌ను రంధ్రంలో పెట్టి చూసి, తీసి, చెక్కి, మళ్లీ పెట్టి చూస్తాడు. సరేస్ చివరికి. మావాడు ప్రతి ముక్క అంచునూ రేగ్‌మాల్‌తో రుద్దాడు. పేచీ పెట్టిన ఆ మేకును కోసేశాడు. కంపెనీ పెట్టిన మేకు కదా అని నేను అభ్యంతరం చెప్పాను. "మేకు ఉన్నది సీద్ కోసం. అదే సీద్ తప్పిస్తే దాన్ని మొక్కుతూ కూచుంటామా?" అన్నారు అబ్బా.

రెండోది, వంగిన ముక్క. పొట్ట కుడి సగం కొద్దిగా విల్లులా వంగి ఉంది. చేత్తో వంచితే విరుగుతుంది, నాకు ఆ తజురుబా అయింది. వేడినీళ్లలో కాసేపు ముంచి, మెత్తబడ్డాక బల్ల మీద అదిమి సీదా చేసి, అట్లాగే చల్లనీళ్లలో పెట్టాలి. మసిలే నీళ్లు వద్దు, ప్లాస్టిక్ ఆకారం పోతుంది. చెయ్యి పెట్టలేనంత వేడి చాలు. మా బేగం చాయ్ గిన్నె అందుకే పోయింది. కొత్తది కొనిపెట్టాను.

మూడోది, అతికించడం. మొత్తం ఒకేసారి కాదు. ముక్కు దగ్గర రెండు సెంటీమీటర్లు సరిచూసి, పలుచని గోందును కుంచెతో గీత మీద తాకిస్తే అదే లోపలికి పాకుతుంది. అది పట్టాక ఇంకో రెండు సెంటీమీటర్లు. టేపు, రబ్బరు బ్యాండ్లు, బట్టల క్లిప్పులు, ఇవే మా షికంజాలు. ఈ గోందులో ఒక రహమత్ ఉంది. పెట్టాక కొన్ని నిమిషాలు ముక్క కదులుతుంది, సరిదిద్దుకోవచ్చు. క్షణంలో పట్టేసే సూపర్ గ్లూలో ఆ మొహలత్ లేదు. తప్పు పెట్టావా, తప్పే గట్టిపడుతుంది.

నాలుగోది, రెక్కలు. స్పిట్‌ఫైర్ రెక్కలు బల్లపరుపుగా ఉండవు. రెండు చేతులెత్తి దువా చేస్తున్నట్టు కొద్దిగా పైకి లేచి ఉంటాయి, అటు 6 డిగ్రీలు, ఇటు 6 డిగ్రీలు. మా మోడల్‌లో రెక్క మొదలుకన్నా కొన దాదాపు 7 మిల్లీమీటర్లు ఎత్తులో ఉండాలి. ఎత్తు ఎంతైనా రెండు వైపులా సమానంగా ఉండటం అంతకన్నా ముఖ్యం. అబ్బా చెప్పినట్టు మావాడు పెళ్లి కార్డు అట్టను కోసి సాంచా చేశాడు. మధ్యలో పొట్ట కూచునే గుంట, రెండు వైపులా ఒకే ఎత్తు మెట్లు. విమానాన్ని అందులో కూచోబెట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున చూస్తే రెండు కొనలూ సమానం. కుడి రెక్క మొదట్లో మటుకు సన్నని సందు మిగిలింది.

సందును చూసి నేను లప్పం అన్నాను. "నక్కో. సందు ఉన్నచోట ముందు పచ్చర్, తర్వాత లప్పం" అన్నారు అబ్బా. ముక్కలు తీసేశాక మిగిలిన చట్రం ప్లాస్టిక్‌ను మావాడు కొవ్వొత్తి మంటకు దూరంగా పట్టి, మెత్తబడగానే రెండు వైపులా లాగాడు. వెంట్రుకంత దారం అయింది. ఇట్లా లాగొచ్చని వాడు ఎక్కడో వీడియోలో చూశాడట. దాన్ని సందులో పరిచి గోందు తాకిస్తే కరిగి కలిసిపోయింది. అబ్బా ఆ దారాన్ని ఎడమ చేతి వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూశారు. "ఇది నాకు రాదు" అన్నారు మావాడితో. నలభై ఏళ్ల ఉస్తాద్ నోట ఆ మాట రావడం నేను ఎన్నడూ వినలేదు.

ఐదోది, తోక. తోకను పొట్టను చూసి పెట్టకూడదు, రెక్కలను చూసి పెట్టాలి. వెనక నుంచి చెయ్యి దూరంలో పట్టుకుని ఒక కన్ను మూసి చూస్తే రెండు రెక్క కొనలను కలిపే గీత, తోక అడ్డ ముక్క గీత ఒకదాని మీద ఒకటి పడాలి. స్పిట్‌ఫైర్ తోక అడ్డంగా సీదాగా ఉంటుంది, నిలువు ముక్క దానికి గునియాలో నిలబడాలి. అబ్బా ఆ రోజు పెట్టె తెరిపించారు. గుడ్డ విప్పి గునియా బయటికి తీయించారు. పాపం, జానెడు గునియా. విమానం దాని ముందు సీతాకోకచిలుక. పనికి రాదు. అగ్గిపెట్టె మూలనే గునియాగా వాడాం. కానీ ఇత్తడి గునియా ఆ రోజు నుంచి మళ్లీ పెట్టెలోకి పోలేదు.

ఆరోది నాకు అన్నిటికన్నా నచ్చింది, దారం పరీక్ష. దర్వాజ చట్రం చౌకంగా ఉందో లేదో వడ్రంగి ఎట్లా చూస్తాడు? ఈ మూల నుంచి ఆ మూలకు సుత్లీ పట్టి, మిగిలిన రెండు మూలల మధ్య అదే సుత్లీ పడితే సరి. విమానానికీ అంతే. తోక చివరన ఒక దారం పట్టి ఎడమ రెక్క కొనకు, అదే దారం కుడి రెక్క కొనకు. సమానమైతే రెక్కలు పొట్టకు అడ్డంగా సరిగా ఉన్నట్టు. లేకపోతే ఒక రెక్క ముందుకో వెనక్కో పోయినట్టు. మాది ఒక దారం మందం తేడా వచ్చింది. అబ్బా "చల్తా" అన్నారు. ఆయన నోట ఆ మాట కూడా నాకు కొత్తే.

చక్రాలు అన్నిటికన్నా చివర. కాళ్లు అతికించి, గోందు మెత్తగా ఉండగానే అద్దం మీద నిలబెట్టి, ముందు నుంచి చూసి సర్దాలి. అయినా ఎడమ రెక్క వెంట్రుకవాసి దిగింది. అప్పటికి మాకు తెలివి వచ్చింది, రెక్కను ముట్టలేదు. కుడి చక్రం అడుగును రేగ్‌మాల్ మీద నాలుగుసార్లు రుద్దితే సరిపోయింది. అసలు విమానం బరువుకు టైరు నేల మీద కొద్దిగా నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి అది నిజంలాగే కనిపిస్తుంది కూడా.

ఈ పనుల మధ్యలో ఒక బహస్ జరిగింది. రెక్కను కొన వైపు నుంచి చూస్తూ అబ్బా "ఇది మెలితిరిగింది. మొదట్లో ఒక తీరు ఉంది, కొనలో ఇంకో తీరు" అన్నారు. మళ్లీ వేడినీళ్లు పెట్టమంటారేమోనని మా బేగం వంటింట్లోంచి తొంగిచూసింది. మావాడు పోయి వెతికి వచ్చాడు. స్పిట్‌ఫైర్ రెక్కను కావాలనే మెలితిప్పారు. మొదట్లో ముందు అంచు 2 డిగ్రీలు పైకి, కొనకు వచ్చేసరికి అర డిగ్రీ కిందికి. అంటే మొత్తం రెండున్నర డిగ్రీల మెలిక. ఎందుకంటే, విమానం వేగం బాగా తగ్గితే రెక్క మీద గాలి పట్టు తప్పుతుంది. మొత్తం రెక్కకు ఒకేసారి తప్పితే పైలట్ ఖతం. ఈ మెలిక వల్ల ముందు మొదట్లో తప్పుతుంది. విమానం వణికి ఖబర్దార్ అంటుంది. కొన దగ్గర ఇంకా పట్టు ఉంటుంది కాబట్టి తేరుకోవడానికి మౌకా దొరుకుతుంది. దాన్ని తయారుచేసిన మిచెల్ అనే ఇంజనీరు 1936లో అది మొదటిసారి ఎగరడం చూశాడు, మరుసటి ఏడే చనిపోయాడు.

అబ్బా చాలాసేపు ఆ రెక్కను చూశారు. "అంటే ఇది టేఢా కాదు. దీని సీద్ ఇదే" అన్నారు.

మావాడికి అక్కడ ఏం తట్టిందో. "దాదా, మరి కొలిచేది ఎక్కడి నుంచి? ముందు అంచు నుంచి కొలిస్తే ఒకటి వస్తుంది, వెనక అంచు నుంచి కొలిస్తే ఇంకోటి" అన్నాడు. నిజమే, ఆ రెక్క కోడిగుడ్డు గీతలా ఉంటుంది, అంచుల్లో ఎక్కడా తిన్నని గీత లేదు. "ఏదో ఒక గీతను అసల్ అనుకోవాలి, అన్నిటినీ దాని నుంచే కొలవాలి" అన్నారు అబ్బా. "సఫ్‌లో కూడా అంతే. కాళ్లు ఒకరివి పొడుగు, ఒకరివి పొట్టి. వేళ్లు కలిపితే సఫ్ వంకర. మడమలు కలపాలి."

"మరి కుర్సీకి?"

గది నిశ్శబ్దం అయింది. వాడికి ఆ జుమ్మా సంగతి తెలుసని నాకు తెలియదు. ఆ రోజు వాడు మా పక్కనే ఉన్నాడు. అబ్బా జవాబు చెప్పలేదు. తస్బీ తీసుకుని కిటికీ వైపు తిరిగారు.

ఆ సాయంత్రం మగ్రిబ్ తర్వాత మావాడు ఆలస్యంగా వచ్చాడు. ఇమామ్ సాబ్‌ను అడిగి వచ్చాడట. నమాజ్ అంతా కూచునే చదివే మనిషైతే కుర్చీ వెనక కాళ్లు పక్కవాళ్ల మడమల గీత మీద ఉండాలి, అప్పుడు భుజం భుజానికి కలుస్తుంది, సఫ్ సీదాగానే ఉంటుంది అని చెప్పారట. నేను ఆ రోజు ముందు కాళ్లను గీత మీద పెట్టాను. కుర్చీ మొత్తం వెనక్కి పోయి వెనక సఫ్‌లోకి చొచ్చింది. ఆ కుర్రాడు అన్నది అందుకే. టేఢా చేసింది అబ్బా కాదు, నేను. పైగా ఎక్కడ తప్పిందో చూడకుండా మనిషినే మూలకు జరిపాను.

సఫ్‌లు సీదా చేసుకోవడం నమాజ్‌ను పూర్తి చేయడంలో భాగమని హదీసుల్లో ఉంది. చిన్నప్పటి నుంచి ప్రతి ఇమామ్ నోటా వింటూనే ఉన్నాను. ఇమామ్ ఆ మాట అన్నప్పుడు మనం పక్కవాడి కాళ్లనే చూస్తాం, ఎందుకో.

ఆ రాత్రి అబ్బా మంచం దగ్గరికి పోయి చెప్పాను. "ఆ రోజు కుర్సీ నేనే తప్పు వేశాను అబ్బా. మాఫ్ చేయండి." ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు. కాసేపటికి "నాకు అప్పుడే తెలుసు" అన్నారు. "మరి చెప్పొచ్చు కదా?" "చెప్పాలంటే అక్కడి వాళ్లందరి ముందు కొడుకును తప్పు పట్టాలి కదా."

ఇంతకన్నా ఏమీ మాట్లాడుకోలేదు మేం.

జుమ్మా వచ్చింది. వెళ్దామని నేను అడగలేదు, భయం. గుసుల్ చేసి, అత్తర్ రాసుకుని, ఆయనే కుర్చీలో కూచుని "ఆటో పిలువు" అన్నారు. మసీదులో మావాడు కుర్చీ వేశాడు. వెనక కాళ్లను సఫ్ గీత మీద పెట్టి, వంగి, ఒక కన్ను మూసి, గీత వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. అందరూ వాణ్ణి వింతగా చూశారు. అబ్బా ఎడమ చేత్తో వాడి తల మీద చిన్నగా తట్టి "బస్, సీద్‌లో ఉంది" అన్నారు. అంతకు ముందు మమ్మల్ని మూలకు పంపిన కుర్రాడే అబ్బా కుడి పక్కన నిలబడ్డాడు. అతని భుజం, కుర్చీలో ఉన్న అబ్బా భుజం ఒకే ఎత్తులో లేవు. కానీ ఒకే గీతలో ఉన్నాయి.

విమానానికి రంగు వేశాక పొట్ట మీద యూ.ఎం. అనే అక్షరాలు రాశాడు మావాడు. 152వ స్క్వాడ్రన్ విమానాల గుర్తు అది. చెయ్యి వణికి రెండో అక్షరం కొంచెం ఒరిగింది. సరిచేద్దామా అని అడిగితే వద్దన్నాడు. నేను వంచినప్పుడు పడిన పగులు కూడా రంగు కింద సన్నగా కనిపిస్తుంది. దాన్ని పూడ్చే పని నాకే అప్పగించారు ఉస్తాదూ షాగిర్దూ. రేగ్‌మాల్ పెట్టి రోజూ కాస్త రుద్దుతున్నాను. ఇంకా గీత పోలేదు.